మంచం కింద పడుకున్న పిల్లలు

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద విరుచుకుపడింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి ఇంకా రెండు రోజులుంది. అయినా ఆ శుక్రవారం పొద్దున్నుంచే లండన్, లివర్‌పూల్, గ్లాస్గో, మాంచెస్టర్ లాంటి నగరాల్లో బడి పిల్లలూ చంటిబిడ్డల తల్లులూ బారులు తీరి రైల్వే స్టేషన్లకు నడిచారు. పిల్లల మెడలో పేరు రాసిన చీటీ, భుజాన విషవాయువు నుంచి కాపాడే ముసుగు పెట్టుకున్న అట్టపెట్టె, చేతిలో చిన్న మూట. మూడు రోజుల్లో సుమారు 15 లక్షల మందిని ప్రభుత్వమే బళ్ళెక్కించి పల్లెలకూ చిన్న ఊళ్ళకూ చేర్చింది. అందులో బడి పిల్లలు 8 లక్షల పైచిలుకు; ఐదేళ్ళలోపు పిల్లలూ వాళ్ళ వెంట వచ్చిన తల్లులూ కలిసి 5 లక్షల పైచిలుకు; తక్కినవాళ్ళు గర్భిణులు, పంతుళ్ళు, సాయం వచ్చినవాళ్ళు. ఇదంతా ఆకాశం నుంచి బాంబులు కురుస్తాయన్న భయంతో చేసిన ఏర్పాటు. తీరా చూస్తే ఆ ఏడాది చివరిదాకా నగరాల మీద బాంబులు పడలేదు. యుద్ధ వార్తలు లేని ఆ నెలల్లో పల్లెల్లోనూ పత్రికల్లోనూ జనం నోళ్ళలో నానింది మరొకటి: పట్నం విడిచి వచ్చిన కుటుంబాలు పరాయి ఇళ్ళలో చేసిన వింత పనుల కథలు.

ఆ కథలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తెల్లటి దుప్పటి పరిచిన మంచం చూపించి పడుకోమంటే పిల్లలు దాని కిందికి దూరి నిద్రపోయారట; మంచం కింద ఇంత చోటు ఖాళీగా వదిలేస్తారేమని ఒకడు అడిగాడట. ఆవు పొదుగు నుంచి పాలు రావడం చూసి అసహ్యించుకుని, తనకు డబ్బా పాలే కావాలని ఒక పిల్ల పేచీ పెట్టిందట. ఆపిల్ పళ్ళు చెట్టుకు కాస్తాయని నమ్మనివాడొకడు, రాత్రి భోజనానికి వేయించిన బంగాళాదుంప ముక్కలూ కాసిని బీరూ ఇమ్మన్నవాడొకడు. ఇంటావిడ తివాచీ పాడుచేస్తున్న కొడుకును గ్లాస్గో తల్లి ఒకామె కసురుకుని, నడిమధ్యన కాదు మూలకెళ్ళి కానివ్వమందన్న కథ యుద్ధమంతా తిరిగింది. అక్టోబరులో ఒక కుర్రవాడు ఆవు మీద రాసిన వ్యాసమంటూ బి.బి.సి. రేడియోలో చదివి వినిపించారు. ఆ వ్యాసం తర్వాత ఎర్నెస్ట్ గవర్స్ ఇంగ్లీషు రచనా పద్ధతి మీద రాసిన ప్రసిద్ధ పుస్తకంలోకి కూడా ఎక్కింది. 1940లో రిచ్మల్ క్రాంప్టన్ తన అల్లరి విలియం కథల్లోకి ఈ పిల్లల్ని తెచ్చింది. 1942లో ఎవ్లిన్ వా తన నవలలో కానలీ అనే ముగ్గురు తోబుట్టువుల్ని సృష్టించాడు. వాళ్ళు ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇల్లు గుల్ల. వాళ్ళను వదిలించుకోవడానికి ఇంటివాళ్ళు లంచాలిచ్చుకుంటారు.

ఈ కథలు ఇప్పటికీ ఆ దేశపు యుద్ధ జ్ఞాపకాల్లో తీపి మిఠాయిలా చలామణి అవుతున్నాయి. పట్నం పిల్లల అమాయకత్వం, పల్లె తల్లుల ఓర్పు అనే రెండు ముక్కల్లో వాటి సారం చెప్పేస్తారు. అలా చదవడం తప్పని నా అభిప్రాయం. ఆ కథల్లో నవ్వు పుట్టిన ప్రతిచోటా ఒక వస్తువు ఉంది: మంచం, కంచం, చెంచా, పాలు, మరుగుదొడ్డి, స్నానపు తొట్టి, చెప్పులు. పిల్లవాడికి ఏం తెలియదని అడగడం మాని, వాడు విడిచి వచ్చిన గదిలో ఆ వస్తువు ఉందా అని అడిగితే, ఒక్కో హాస్యకథ ఆ కుటుంబం ఆస్తిపాస్తుల చిట్టాగా మారుతుంది. ఆ చిట్టాను అప్పటి లెక్కలతో సరిచూడవచ్చు కూడా. అలా సరిచూస్తే ఇది పట్నానికీ పల్లెకూ మధ్య పుట్టిన నవ్వు కాదనీ, ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య పుట్టిన నవ్వనీ తేలుతుంది. అది అచ్చులో ఒకవైపే వినిపించడానికి కారణం కూడా అదే.

మంచంతోనే మొదలుపెడదాం. 1935 నాటి గృహనిర్మాణ చట్టం ఇల్లు ఇరుకుగా ఉందని ఎప్పుడు చెప్పాలో ఒక కొలత పెట్టింది. ఒక గదికి ఇద్దరు, రెండు గదులకు ముగ్గురు, మూడింటికి ఐదుగురు. ఏడాదిలోపు శిశువు లెక్కలోకి రాదు. పదేళ్ళలోపు పిల్లవాడు అరమనిషి. పగలు కూర్చునే గది కూడా పడకగది కిందికే వస్తుంది. అంటే ఒకే గదిలో తల్లీ తండ్రీ చంటిబిడ్డా కాపురముంటే చట్టం దృష్టిలో అది ఇరుకు కాదు. ఈ కొలతతో 1936లో ఇంగ్లండ్, వేల్స్‌లలో లెక్క తీస్తే శ్రామికుల ఇళ్ళలో 3.8 శాతమే ఇరుకని తేలింది. మూడేళ్ళు తిరక్కుండా అదే ప్రభుత్వం, పల్లెల్లో ఎంతమందికి చోటుందో చూడటానికి ఇంకో కొలత వాడింది: గదికి ఒక మనిషి. పట్నంలో ఇద్దరికి సరిపోయే గది పల్లెకు వచ్చేసరికి ఒకరికే సరిపోయింది. మొదటి కొలతలో పెరిగిన పిల్లవాడిని రెండో కొలత ఇంట్లో పడుకోబెట్టారు. ముగ్గురు నలుగురు తోబుట్టువుల కాళ్ళ మధ్య ముడుచుకుని పడుకోవడం అలవాటైనవాడికి, ఎవరూ లేని వెడల్పాటి మంచం, చీకటి గది, బరువైన తెల్ల దుప్పటి ఎలా కనిపించి ఉంటాయి? కొందరు అది శవాన్ని పడుకోబెట్టే పక్క అనుకుని ఏడ్చారని కూడా చెప్పుకున్నారు. ఒక్క గది కాపురంలో ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని ఉంచడానికి ఉన్న ఒక్క పక్కే గతి. కాబట్టి ఆ పిల్లల ఊహ గాలిలోంచి వచ్చింది కాదు. లండన్‌లోని లాంబెత్ కుటుంబాల ఖర్చులను వారం వారం రాయించి మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో వేసిన పుస్తకంలో పసిపిల్లలను అరటిపళ్ళ పెట్టెల్లో పడుకోబెట్టిన తల్లులున్నారు. 1939లో మంచాన్ని చూసి జడిసిన పిల్లల అమ్మలు ఆ తరంలోనే పెరిగారు.

తిండి సంగతీ అంతే. బల్ల ముందు కూర్చుని కత్తీ ఫోర్కూ పట్టుకోవడం రాని పిల్లలని ఎంతమంది ఇంటావిడలు ముక్కున వేలేసుకున్నారో! కుటుంబం మొత్తం ఒకేసారి కూర్చునేంత బల్ల, అందరికీ చాలినన్ని కుర్చీలు ఉన్న ఇంట్లోనే ఆ అలవాటు పడుతుంది. అవి లేనిచోట రొట్టె ముక్కకు మార్జరిన్ రాసి చేతికిస్తారు. పిల్లలు గుమ్మంలోనో మెట్ల మీదో నిలబడి తింటారు. రీవ్స్ పుస్తకం ఈ సంగతి కూడా విప్పి చెప్పింది: ఒక్క పొయ్యి, ఒకటో రెండో గిన్నెలు, కొలిచి కొనే బొగ్గు ఉన్న తల్లికి రొట్టె కంటే తేలికైన భోజనం లేదు, ఎందుకంటే రొట్టెకు వంట అక్కర్లేదు, కంచం అక్కర్లేదు. అంగడిలో కాగితంలో చుట్టి ఇచ్చే వేడి చేపలు, బంగాళాదుంపలు కూడా ఆ లెక్కలోవే. డబ్బా పాల మీద పిల్లల మమకారానికి కారణమూ అక్కడే దొరుకుతుంది. వెన్న తీసి చక్కెర కలిపి చిక్కబరిచిన ఆ పాలు చవక. చల్లటి చోటంటూ లేని గదిలో కూడా పాడవకుండా ఉంటాయి. జాన్ బాయిడ్ ఆర్ 1936లో అచ్చువేసిన ఆహార సర్వే, దేశ జనాభాలో సగం మందికి ఆరోగ్యానికి చాలినంత తిండి లేదని చెప్పింది. పేదవాళ్ళు తాగే పాలు ఎంత తక్కువో అంకెలతో చూపింది. పాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియని పిల్లల కథ మీద నవ్వడానికి మూడేళ్ళ ముందే ఆ పిల్లల కడుపులోకి పాలు చేరడం లేదన్న సంగతి అచ్చయి ఉంది.

అన్నిటికంటే ఎక్కువ కథలు పుట్టిన చోటు వంటిల్లు. బడి పిల్లలు ఒంటరిగా వచ్చారు కాబట్టి ఇంటావిడ చెప్పినట్టు వినాలి. చంటిబిడ్డల తల్లుల సంగతి అలా కాదు. వాళ్ళు పెద్దవాళ్ళు, తమ ఇంట్లో తామే యజమానురాళ్ళు. ప్రభుత్వం వాళ్ళకు ఇప్పించింది చోటు మాత్రమే. తల్లికి వారానికి 5 షిల్లింగులు, ఒక్కో బిడ్డకు 3 షిల్లింగులు ఇంటివాళ్ళకు ముట్టేవి. భోజనం బాధ్యత తల్లిదే. ఎక్కడ వండుకోవాలి? ఇంటావిడ పొయ్యి మీదే. ఎప్పుడు? ఆ సంగతి ఏ ఉత్తరువూ చెప్పలేదు. మధ్యాహ్నం పొలం నుంచి భర్త వచ్చే వేళకు ఒకే పొయ్యి మీద ఒకావిడ దుంపలు ఉడకాలి, ఇంకొకావిడ బిడ్డకు పాలు కాగాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టే అయింది. పైగా అంగడి రెండు మూడు మైళ్ళ దూరం, బస్సు వారానికి ఒకటో రెండో. వీధి మలుపులోనే అంగడి, పక్క వీధిలో తల్లి, ఎదురింట్లో అక్కచెల్లెళ్ళు ఉన్న చోటి నుంచి వచ్చిన స్త్రీ, వాన కురుస్తుంటే బిడ్డను బండిలో తోసుకుంటూ పగలంతా సందుల్లో తిరిగింది, ఎందుకంటే పొద్దున వెళ్ళి సాయంత్రం రమ్మన్న ఇళ్ళు తక్కువేం కాదు. ఆ తిరుగుడునే పల్లె పత్రికలు పట్నపు ఆడవాళ్ళ బద్ధకంగా, ఇల్లు పట్టని తిరుగుబోతుతనంగా రాశాయి. ఆదివారం భర్త చూడటానికి వస్తే అతనికి తిండి ఎవరు పెట్టాలన్నది ఇంకో రగడ. ఈ గొడవలన్నీ చెప్పుకుని నవ్వుకోదగ్గవే. రెండు వైపులా నవ్వుకునే ఉంటారు. 1940 జనవరి నాటికి తరలి వచ్చిన 15 లక్షల్లో సుమారు 9 లక్షల మంది వెనక్కి వెళ్ళిపోయారు. ఒంటరిగా వచ్చిన బడి పిల్లల్లో సగానికి పైగా పల్లెల్లోనే ఉంటే, తల్లుల్లో పదింట ఎనిమిది మందికి పైగా తిరిగి పోయారు. వంటిల్లు ఎక్కడ పంచుకోవాల్సి వచ్చిందో అక్కడే ఏర్పాటు కుప్పకూలింది.

మరి పల్లె ఇళ్ళు? పట్నం పిల్లలకు మరుగుదొడ్డి వాడకం తెలియదన్న కథలు ఊరూరా ఉన్నాయి. అవి చెప్పిన ఇళ్ళలో చాలావాటికి మరుగుదొడ్డి అంటే పెరటి చివర ఒక చెక్క గుడిసె, లోపల చెక్క పలక, దాని కింద బాల్చీ. పట్నంలో ఆరు కుటుంబాలు పంచుకున్నా గొలుసు లాగితే నీళ్ళు వచ్చే దొడ్డికి అలవాటు పడ్డ పిల్లవాడు, దీపం కూడా లేని రాత్రి ఆ గుడిసెకు వెళ్ళడానికి జంకితే వాడికి దొడ్డి వాడకం తెలియదనడం న్యాయమా? పక్క తడిపే పిల్లల బెడద ఆ ఏడాది పెద్ద దేశ సమస్య అయింది. రబ్బరు పరుపులు పంచారు, ఉతికినందుకు ఇంటివాళ్ళకు అదనపు భత్యం ఇచ్చారు. తల్లిని విడిచిన దిగులు దానికి మొదటి కారణమని వైద్యులు అప్పుడే గుర్తించారు. పెరటి చీకటి కూడా దానికి తోడయి ఉంటుందని నాకు తోస్తుంది. బావిలోంచి తోడిన నీళ్ళతో రోజూ దుప్పట్లు ఉతికిన ఇంటావిడ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆమెకు కుళాయి లేకపోవడం, ఈ పిల్లవాడికి మంచం లేకపోవడం ఒకే జాతి లేమి అంటున్నాను. పిల్లలవైపు మాట వినడానికి ప్రయత్నించినవాళ్ళలో మనస్తత్వవేత్త సూజన్ ఐజాక్స్ ముఖ్యురాలు. లండన్‌లోని టాటెన్‌హామ్, ఇజ్లింగ్టన్‌ల నుంచి కేంబ్రిడ్జికి వచ్చిన పిల్లలను, ఇక్కడ మీకేం నచ్చింది, ఏం లేక దిగులుగా ఉంది అని అడిగి ఆమె బృందం 1941లో ఒక సర్వే వెలువరించింది. పిల్లలు చెప్పిన దిగుళ్ళలో ముందు నిలిచింది అమ్మానాన్నలు, ఇల్లు. మనల్ని ఎగతాళి చేసిన వాళ్ళ గురించి మనం ఇళ్ళలో మాట్లాడుకున్నట్టే ఆ కుటుంబాలూ మాట్లాడుకుని ఉంటాయి. ఆ మాటలు పుస్తకాల్లోకి ఎక్కలేదు, ఎందుకంటే పుస్తకాలు రాసేవాళ్ళూ పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్ళూ ఆశ్రయమిచ్చిన వైపునే ఉన్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈ కథల్లో సగం కట్టుకథలు కదా, వాటిని సాక్ష్యంగా ఎలా నిలబెడతారు? న్యాయమైన ప్రశ్నే. మంచం కింద పడుకున్న పిల్లవాడు ఒకే రకం మాటలతో ఎన్నో జిల్లాల్లో కనిపిస్తాడు. తివాచీ కథ చెప్పినవాళ్ళందరి ఇంట్లోనూ అది జరిగి ఉండదు. కానీ కట్టుకథకు కూడా ఒక సాక్ష్య విలువ ఉంది: చెప్పినవాళ్ళకు ఏది వింతగా తోచిందో అది చెబుతుంది. ఎవరో ఒకరు కల్పించిన కథ నోటి నుంచి నోటికి దేశమంతా పాకిందంటే, వినేవాళ్ళందరికీ అది నమ్మదగ్గదిగా కనిపించింది అన్నమాట. అయితే ఆ నమ్మకం ఒక్కటే నాకు చాలదు; అందుకే గృహగణన, ఆహార సర్వే, భత్యాల లెక్కలతో కథను కలిపి చూస్తున్నాను. కథ ఎక్కడ వస్తువును పేర్కొంటుందో అక్కడ లెక్క దాన్ని బలపరుస్తోంది. కథ ఎక్కడ స్వభావాన్ని నిందిస్తుందో, వీళ్ళు బద్ధకస్తులనో సిగ్గులేనివాళ్ళనో అంటుందో, అక్కడ దాన్ని బలపరిచే లెక్క ఒక్కటీ దొరకదు. ఈ తేడా పట్టుకుంటే చాలు, గాసిప్ నుంచి కూడా చరిత్ర రాయవచ్చు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. మురికి, పేలు, గజ్జి కల్పన కాదు కదా? కాదు. ఆడవాళ్ళ సంఘాల జాతీయ సమాఖ్య 1940లో తన సభ్యసంఘాల జవాబులతో ఒక నివేదిక వేసింది. సుమారు 1,700 సంఘాలు రాసిన ఆ జవాబుల్లో తలలోని పేలే ప్రధాన ఫిర్యాదు. కెన్నెత్ మెలన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త ఆసుపత్రుల్లో చేరిన పిల్లల రికార్డులు తిరగేసి, పారిశ్రామిక నగరాల్లో చిన్న ఆడపిల్లల్లో దాదాపు సగం మందికి పేలున్నాయని 1941లో చూపాడు. బడి వైద్యాధికారుల నివేదికలు అంతకు ముందు దీన్ని ఎంతో తక్కువగా చూపాయి. కాబట్టి ఇంటావిడలు అబద్ధమాడలేదు. కానీ వాళ్ళు చూసింది ఏ రోజుల్లో చూశారో మరవకూడదు. ఆగస్టు అంతా బడులకు సెలవులు. నర్సు తల చూసి నెల దాటింది. ఆ మూడు రోజులూ నడిచిన రైళ్ళలో చాలా పెట్టెలకు మరుగుదొడ్లు లేవు. దిగేసరికి పిల్లల బట్టలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? పేదవాళ్ళు చలికోట్లూ బూట్లూ కొనేది చలికాలం ముంగిట, వాయిదాల మీద. సెప్టెంబరు మొదటి తారీకున కాన్వాసు బూట్లే కాళ్ళకున్నాయి. పరుగులో ఇల్లు విడిచినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టి కొలిచిన కొలత అది. పేలు నిజం. ఆ తల్లులకు బిడ్డల మీద శ్రద్ధ లేదన్నది నిజం కాదు. వేడినీళ్ళకు కుళాయి లేని ఇంట్లో అరడజను తలలు వారం వారం కడగాలంటే ఎన్ని బాల్చీలు మెట్లెక్కించాలో లెక్కవేసి చూడని విమర్శ అది.

ఇది పట్నం–పల్లె తగవు కాదనడానికి ఇంకో దాఖలా ఉంది. ప్రభుత్వ ఏర్పాటుతో సంబంధం లేకుండా, సొంత ఖర్చుతో నగరాలు విడిచినవాళ్ళు సుమారు 20 లక్షల మందని రిచర్డ్ టిట్మస్ 1950లో వెలువరించిన యుద్ధకాలపు అధికారిక చరిత్రలో అంచనా కట్టాడు. హోటళ్ళకు, బంధువుల ఇళ్ళకు, సముద్రానికి దూరంగా అద్దెకు తీసుకున్న బంగళాలకు వెళ్ళారు వాళ్ళు. వాళ్ళూ పట్నవాసులే, వాళ్ళ పిల్లలకూ ఆవు పాలు పితకడం తెలియదు. ఇంతమంది మీద కథల రాశి పుట్టలేదు. మన వైపు చూసినా తేడా తెలుస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ వారంలోనే మద్రాసు నుంచి లక్షల మంది రైళ్ళు కిక్కిరిసిపోయేలా బయలుదేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకు మారింది. ఆ జనం వెళ్ళింది ఎక్కువగా తాతల ఊళ్ళకు, అత్తవారిళ్ళకు, మేనమామల ఇళ్ళకు. అక్కడ కూడా వంటింట్లో పొరపొచ్చాలు ఉండే ఉంటాయి. కానీ చుట్టరికం ఉన్నచోట ఎవరు ముందు వండాలో, ఎవరు ఎవరికి ఎదురు చెప్పకూడదో ముందే ఏర్పడి ఉంటుంది. నెల తిరిగేసరికి భత్యం లెక్క చూసుకునే పని లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వం ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలను, అదీ రెండు వేర్వేరు తరగతుల కుటుంబాలను, చట్టం బలంతో ఒక కప్పు కిందికి తెచ్చింది. అంతకు ముందు వాళ్ళు కలిసిన సందర్భాలంటూ ఉంటే, ఒకరు పనిమనిషి, ఒకరు యజమానురాలు అయినప్పుడే.

అలాగని ఇంటావిడలందరూ కలిగినవాళ్ళు కారు. గదుల లెక్క ప్రకారం పెద్ద బంగళాలు నిండాలి; కానీ ఆరోగ్యం బాగాలేదనీ పనివాళ్ళు దొరకరనీ చెప్పి తప్పించుకున్న పెద్ద ఇళ్ళ గురించి అప్పట్లోనే గట్టి విమర్శలు వచ్చాయి. బరువు ఎక్కువగా మోసింది వ్యవసాయ కూలీల భార్యలు, చిల్లర వర్తకుల భార్యలు. వాళ్ళ ఇళ్ళలో పిల్లలు కలిసిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని; యుద్ధం ముగిశాక కూడా ఆ ఇంటావిడను అమ్మా అని పిలిచిన పిల్లలున్నారు. హాస్య కథల్లో ఈ ఇళ్ళు అంతగా కనిపించవు. ఇరువైపులా ఒకే రకం గిన్నెలున్న ఇంట్లో నవ్వడానికి వింత ఏముంటుంది? నన్నడిగితే నా వాదనకు అన్నిటికంటే మంచి ఆధారం ఈ మౌనమే.

నవ్వు చివరికి మేలే చేసిందని వాదించేవాళ్ళున్నారు. ఈ పిల్లలు పల్లె గుమ్మాల్లో దిగకపోతే పై తరగతివాళ్ళకు పేదరికం కంటపడేదే కాదని, ఆ సిగ్గులోంచే సంక్షేమ రాజ్యం పుట్టిందని టిట్మస్ ధోరణి. దీనికి బలమైన ఉదాహరణ ప్రధాని నెవిల్ చాంబర్లేనే. ఇలాంటి బతుకులు ఉన్నాయని తనకు ఇంతవరకు తెలియదని, ఇరుగుపొరుగు గురించి ఇంత తెలియకుండా ఉన్నందుకు సిగ్గుగా ఉందని ఆయన 1939లో చెల్లెలికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం రాసిన మనిషి 1920లలో దాదాపు ఐదేళ్ళ పాటు ఏకధాటిగా ఆరోగ్య మంత్రి. ఇళ్ళ సమస్య ఆయన శాఖదే. మరోవైపు చరిత్రకారుడు జాన్ మాక్‌నికల్ 1986లో, ఈ తరలింపు పాత దురభిప్రాయాలను కరిగించలేదు సరికదా గట్టిపరిచిందని వాదించాడు. 1943లో ఒక మహిళా సంక్షేమ బృందం అచ్చువేసిన ప్రసిద్ధ నివేదిక చదివితే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. ఆ నివేదిక ఒక పేజీలో నర్సరీ బడులు, వేడినీళ్ళు, మంచి ఇళ్ళు కావాలంటుంది. ఇంకో పేజీలో సమాజానికి భారమైన కుటుంబాలంటూ ఒక వర్గాన్ని వేరు చేసి దోషం వాళ్ళ నడతలో వెతుకుతుంది. నా తీర్పు మాక్‌నికల్ వైపే కొంచెం మొగ్గుతుంది. ఏ లేమి వస్తువు రూపంలో కంటపడిందో దానికి మందు త్వరగానే వచ్చింది. మహిళా స్వచ్ఛంద సేవకులు బూట్లు, కోట్లు పంచారు. 1940 వేసవిలో చంటిపిల్లలకూ గర్భిణులకూ చవకగానో ఉచితంగానో పాలిచ్చే పథకం మొదలైంది. బడిలో మధ్యాహ్న భోజనం తినే పిల్లలు 1940లో 1.3 లక్షలుంటే 1945కు 16 లక్షలు దాటారు. కుళాయిలూ మురుగు కాలువలూ లేని పల్లెల కోసం 1944లో కోటిన్నర పౌండ్లతో చట్టం వచ్చింది; ఆతిథ్యమిచ్చిన ఇంటి లేమి కూడా బయటపడిందని దాని అర్థం. తల్లుల మీద పడ్డ ముద్ర మాత్రం ఏ పథకంతోనూ తుడిచిపెట్టుకుపోలేదు.

ఆ ముద్ర ఎంత అన్యాయమో డబ్బు లెక్క చెబుతుంది. ఒంటరిగా వచ్చిన బడి పిల్లవాడిని ఉంచుకున్నందుకు ప్రభుత్వం ఇంటివాళ్ళకు వారానికి 10 షిల్లింగుల 6 పెన్నీలిచ్చేది. ఇద్దరు ముగ్గురుంటే తలకు 8 షిల్లింగుల 6 పెన్నీలు. ఇది చాలడం లేదని ఇంటావిడలు గోలపెట్టారు, అది నిజం కూడా. ఇదే పిల్లవాడు తన ఇంట్లో ఉండి, తండ్రికి పని లేకపోతే, నిరుద్యోగ భృతిలో వాడి వాటా 3 షిల్లింగులు. పరాయి ఇంట్లో 8 షిల్లింగుల 6 పెన్నీలు కూడా చాలని బిడ్డను సొంత ఇంట్లో మూడింటితో పెంచిన తల్లికి పెంపకం చేతకాదన్నారు. పిల్లల పెంపకానికి తల్లి చేతికే నేరుగా డబ్బివ్వాలని 1924లోనే పుస్తకం రాసి పోరాడుతూ వచ్చిన పార్లమెంటు సభ్యురాలు ఎలినార్ రాత్‌బోన్‌కు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. 1945లో కుటుంబ భత్యాల బిల్లు వచ్చినప్పుడు డబ్బు తండ్రికి చెందుతుందని ముసాయిదాలో రాశారు. రాత్‌బోన్ ఎదురు తిరిగింది. ఉభయ పక్షాల సభ్యులూ ఆమెతో కలవడంతో తండ్రి స్థానంలో తల్లిని చేర్చారు. 1946 ఆగస్టు 6 నుంచి చెల్లింపులు మొదలయ్యాయి: రెండో బిడ్డ మొదలుకుని తలకు వారానికి 5 షిల్లింగులు, మొదటి బిడ్డకు ఏమీ లేదు. ఏడేళ్ళ కిందట పరాయివాళ్ళకు ఒక్క పిల్లవాడి మీద ఇచ్చినదాంట్లో అది సగం కూడా కాదు.